నారాయణఖేడ్ టు దలాల్ స్ట్రీట్, వయా ఫెలోషిప్

మన ఐటీ జనాలకి ముప్ఫై దగ్గర పడుతున్నప్పుడు ఒక విచిత్రమైన జబ్బు చేస్తుంది. కొంతమంది ఎంబీఏ అంటారు. కొంతమంది సేంద్రియ వ్యవసాయం అంటూ రెండెకరాల కోసం చేవెళ్ళ వైపు తిరుగుతారు. మూడో రకం వాళ్ళకి 'సమాజానికి ఏదో ఒకటి చెయ్యాలి' అని పుడుతుంది. ఈ మూడో రకం వాళ్ళ బ్రౌజర్లో ఎప్పుడు చూసినా ఏదో ఒక ఫెలోషిప్ ఫారం తెరిచి ఉంటుంది. సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఏడాది శిక్షణ, ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్‌లో కోర్సు, నెలనెలా స్టైపెండు, చివర్లో ఒక సర్టిఫికెట్టు. వెటకారం కాదండీ, నాకూ ఆ లక్షణాలు కనబడుతున్నాయి :-)

ఫారం నింపేముందు అసలీ స్కాలర్‌షిప్పుల చరిత్ర ఏంటో చూద్దామని కూర్చున్నాను. తవ్వుకుంటూ పోతే న్యూయార్కు, వాషింగ్టన్ దాటి తిన్నగా మన మెదక్ జిల్లాలో తేలాను. ఆ కథే ఇది. ఇందులో మన రాష్ట్రం ఉంది, మన హైదరాబాదు ఉంది, దలాల్ స్ట్రీట్ ఉంది, కొన్ని చావులు కూడా ఉన్నాయి.

మొదలు మాత్రం పోచంపల్లి నుంచి పెట్టాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరొచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు దానమిచ్చారు, భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఇది మనందరం స్కూల్లో చదువుకున్నదే. ఆ తర్వాత వినోబా ఏళ్ళ తరబడి దేశమంతా నడుస్తూనే ఉన్నారు. అలా నడుస్తున్నప్పుడు 1963లో ఒక అమెరికన్ కుర్రాడు వచ్చి ఆయనతో కొన్నాళ్ళు నడిచాడు. పేరు బిల్ డ్రేటన్, హార్వర్డ్ విద్యార్థి. ఒక్క మనిషి, చేతిలో అధికారం లేదు, డబ్బు లేదు, ఊరికే నడుస్తూ భూములు అడుగుతున్నాడు, జనం ఇస్తున్నారు. ఇది ఆ కుర్రాడి బుర్రలో ఉండిపోయింది.

అదే డ్రేటన్ తర్వాత మెకిన్సేలో కన్సల్టెంటుగా, అమెరికా పర్యావరణ సంస్థలో అధికారిగా పనిచేసి, 1980లో 'అశోక' అనే సంస్థ పెట్టాడు. అవును, మన అశోక చక్రవర్తి పేరే. మొదటి ఏడాది బడ్జెట్ 50 వేల డాలర్లు. ఆలోచన చాలా సింపుల్. అప్పటిదాకా దాతలు ప్రాజెక్టులకి డబ్బిచ్చేవాళ్ళు: బావికింత, బడికింత, ఆసుపత్రికింత. డ్రేటన్ మనిషికి ఇద్దామన్నాడు. కొత్త ఆలోచన ఉన్న మనిషిని పట్టుకుని, కొన్నేళ్ళ పాటు ఇంటి ఖర్చులకి సరిపడా జీతం ఇచ్చేస్తే, ఆ మనిషి మిగతాది చూసుకుంటాడు. మొదటి ఫెలో బొంబాయిలో ఒక స్కూలు టీచరు, గ్లోరియా డిసౌజా. బట్టీ చదువులు మానిపించి పిల్లలకి చుట్టూ ఉన్న పరిసరాల నుంచే పాఠం చెప్పే పద్ధతి ఆవిడది.

ఇందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. డ్రేటన్ మొదట్లో మెకిన్సే ఉద్యోగం పూర్తిగా వదల్లేదు. 1984లో ఆయనకే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది, అప్పుడు గానీ పూర్తికాలం 'అశోక' పనిలోకి దిగలేదు. ఫెలోషిప్పులిచ్చే ఆయన్ని కూడా ఒక ఫెలోషిప్పే బయటపడేసింది అన్నమాట. 'ఈఎంఐలున్నాయి బాబూ, ఎలా వదిలేస్తాం' అనే మన గొడవ ఆయనకీ తెలుసు.

1987లో న్యూయార్కులో జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి కంపెనీ వాళ్ళు 'ఎకోయింగ్ గ్రీన్' అని ఇంకోటి పెట్టారు. ఇది కూడా మనిషికే డబ్బిచ్చే రకం, కాకపోతే ఇంకా మొదలు కాని పనికి, వయసులో చిన్నవాళ్ళకి. మనకి బాగా తెలిసిన భాషలో చెప్పాలంటే సీడ్ ఫండింగ్, కాకపోతే ఈక్విటీ అడగరు.

వీటన్నిటికంటే పాతది ఫుల్‌బ్రైట్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా విదేశాల్లో వదిలేసిన సైనిక సరంజామా అమ్మగా వచ్చిన డబ్బుతో చదువుల మార్పిడి చేద్దామని 1946లో సెనేటర్ ఫుల్‌బ్రైట్ తెచ్చిన చట్టం అది. భారత్‌తో ఒప్పందం 1950లో కుదిరింది. ఫుల్‌బ్రైట్ మీద అటు వెళ్ళినవాళ్ళలో ఒకాయన చిట్టగాంగ్ నుంచి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళి ఎకనామిక్స్‌లో డాక్టరేట్ చేశాడు. పేరు మహమ్మద్ యూనస్. ఇటు వచ్చినవాళ్ళలో ఒకాయన 1994లో అమెరికా నుంచి జహీరాబాద్ వచ్చాడు. పేరు విక్రమ్ ఆకుల. ఇద్దరూ పేదవాళ్ళకి అప్పులిచ్చారు, ఇద్దరూ ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని వాదించుకున్న రోజు కూడా ఒకటొచ్చింది. దానికి ఇంకా టైముంది.

విక్రమ్ ఆకుల హైదరాబాదులో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో న్యూయార్కు రాష్ట్రానికి వెళ్ళిపోయిన తెలుగబ్బాయి. టఫ్ట్స్‌లో డిగ్రీ, యేల్‌లో ఎంఏ. మనలో సగం మంది చుట్టాలింట్లో ఇలాంటి కజిన్ ఒకడుంటాడు, కాకపోతే ఆ కజిన్ సెలవులకొచ్చి మినరల్ వాటర్ తాగి వెళ్ళిపోతాడు. ఈయన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనికి చేరాడు. తర్వాత 1994-95లో ఫుల్‌బ్రైట్ మీద మళ్ళీ అక్కడికే వచ్చి, చిన్న రైతులకి తిండిగింజల కోసం అప్పులిచ్చే ఒక ప్రాజెక్టు చూశాడు. దానికి డబ్బు ప్రభుత్వానిది.

ఈ డీడీఎస్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1983లో మొదలైన సంస్థ. 2023లో చనిపోయేదాకా దాన్ని నడిపింది దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పీవీ సతీష్ గారు. ఊరూరా సంఘాలు, వాటిల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. తొంభైల మధ్యలో వీళ్ళు మొదలెట్టిన ఒక పద్ధతి ఏంటంటే, బీడు పడిపోయిన చెలకల్ని మళ్ళీ దున్నించడానికి చిన్న రైతుకి అప్పిస్తారు. ఆ అప్పు డబ్బుగా తీర్చక్కర్లేదు, కొన్నేళ్ళ పాటు జొన్నలుగా ఇవ్వాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే దాచి, ఆకలి నెలల్లో ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళకి తక్కువ ధరకి అమ్ముతారు. ఎవరు పేదవాళ్ళు అన్నది ఆఫీసరు కాదు, ఊరివాళ్ళే కూర్చుని తేలుస్తారు. అంటే అప్పు తీరినకొద్దీ ఊళ్ళో తిండి పెరుగుతుంది. నాకైతే ఇంత అందమైన డిజైను ఈ మధ్య ఏ ఆర్కిటెక్చర్ రివ్యూలోనూ కనబడలేదు.

సరే, అలాంటి చోట శిక్షణ పొందిన కుర్రాడికి ఏం తట్టింది? ఆయన తన పుస్తకంలోనూ, ఉపన్యాసాల్లోనూ పదేపదే చెప్పిన సంఘటన ఒకటుంది. ప్రాజెక్టు లేని ఊరి నుంచి ఒకావిడ నడుచుకుంటూ వచ్చి, మా ఊరికెప్పుడొస్తారని అడిగింది. డబ్బు అయిపోయింది, రాలేమన్నాడు ఈయన. నేను మాత్రం పేదదాన్ని కానా అన్న అర్థం వచ్చేలా ఆవిడ అడిగిన ప్రశ్న ఆయన్ని వదల్లేదు. విరాళాల మీద, ప్రభుత్వ గ్రాంటుల మీద నడిచేది ఏదైనా ఎక్కడో అక్కడ ఆగిపోతుంది, ఆగకుండా పెరగాలంటే లాభం రావాలి, లాభం వస్తే మార్కెట్ డబ్బు దానంతటదే వస్తుంది అని తేల్చుకున్నాడు.

ఆవిడ అడిగినదాంట్లో నాకు రెండు ప్రశ్నలు కనబడతాయి. 'మా ఊరిదాకా ఎందుకు రాలేదు' అనేది ఒకటి. 'ఏ ఊరికి వెళ్ళాలో తేల్చేది ఎవరు' అనేది రెండోది. ఆయనకి మొదటిదే వినబడింది. మనకైనా అంతే లెండి. లోడు తట్టుకోలేకపోతోందంటే ఇంకో పది సర్వర్లు పెట్టమంటాం గానీ, ఆ రిక్వెస్టు ఎవరిది, ఎందుకొచ్చింది అని ఎవడడుగుతాడు?

1997 చివర్లో స్వయం కృషి సంగం పుట్టింది. పొట్టిగా ఎస్‌కెఎస్. మొదటి డబ్బు అమెరికాలో చుట్టాలు, స్నేహితులు ఇచ్చిన విరాళాలు. 1998లో ఎకోయింగ్ గ్రీన్ ఫెలోషిప్ వచ్చింది. మెదక్ జిల్లా నారాయణఖేడ్ వైపు పల్లెల్లో అప్పులివ్వడం మొదలైంది. పద్ధతి యూనస్ గారి గ్రామీణ బ్యాంకుదే: ఐదుగురు ఆడవాళ్ళు ఒక గ్రూపు, కొన్ని గ్రూపులు కలిస్తే ఒక సెంటరు, వారానికోసారి పొద్దున్నే మీటింగు, అందరూ కలిసి ప్రతిజ్ఞ చెప్పడం, కిస్తీ కట్టడం. తాకట్టు లేదు. ఒకావిడ కట్టలేకపోతే మిగతా నలుగురూ పూచీ.

వడ్డీ లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే తర్వాత జరిగిన గొడవంతా దీని చుట్టూనే. ఉదాహరణకి పదివేలు అప్పు, పన్నెండున్నర శాతం వడ్డీ, 50 వారాలు అనుకోండి. వడ్డీ 1,250. మొత్తం 11,250, వారానికి 225 చొప్పున. వినడానికి బ్యాంకు లోనులా ఉంది కదా? కానీ అసలు వారం వారం తగ్గిపోతూ ఉంటుంది. ఏడాది మొత్తం మీద సగటున ఆవిడ చేతిలో ఉన్న అసలు ఐదువేల చిల్లరే. ఐదువేలకి 1,250 అంటే పాతిక శాతం. మన ఊళ్ళ భాషలో రెండు రూపాయల వడ్డీ. మూడు రూపాయలు, ఐదు రూపాయలు పిండే వ్యాపారులున్న చోట ఇది నిజంగానే నయం. అది ఒప్పుకోవాలి. చిక్కల్లా వడ్డీలో కంటే ఆ 'వారం వారం'లో ఉంది. పత్తి రైతు ఇంటికి డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తుంది. వారం వారం రాదు. మధ్యలో వారాలకి ఎక్కడినుంచి తెస్తుంది? ఇంకో కంపెనీ నుంచి.

ఇక్కడ నన్ను పట్టుకుని వదలని విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఫుల్‌బ్రైట్ గానీ, ఎకోయింగ్ గ్రీన్ గానీ ఇచ్చిన డబ్బు ఎలాంటిది? పని ఫలించకపోతే తిరిగి కట్టక్కర్లేనిది. ఓడిపోయే హక్కుతో సహా ఇచ్చిన డబ్బు. ఒకటి రెండేళ్ళు నీ ఇల్లు గడవడం మేం చూసుకుంటాం, నువ్వు ప్రయోగం చేసుకో అన్నారు. ఆ డబ్బుతో తయారైన ప్రయోగం మాత్రం, గేదె చచ్చినా బోరు ఎండినా వచ్చే మంగళవారం కిస్తీ కట్టాలి, నువ్వు కాకపోతే నీ పక్కింటావిడ కట్టాలి అంది. రెండిటినీ 'ఆంట్రప్రెన్యూర్' అనే మాటతోనే పిలిచారు. చికాగోలో పీహెచ్‌డీ చేస్తున్న ఆయనా ఆంట్రప్రెన్యూరే, నారాయణఖేడ్‌లో గేదె కొన్న ఆవిడా ఆంట్రప్రెన్యూరే. ఒకరికి వెనకాల దిండు ఉంది, ఒకరికి గోడ ఉంది. అప్పంటే తీర్చాల్సిందే కదా, తీర్చకపోతే తర్వాతివాళ్ళకి ఎలా ఇస్తారు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ జొన్నల పద్ధతిలో కూడా అప్పు తీర్చాల్సిందే. పంట చేతికొచ్చినప్పుడు, పండిన వస్తువుతో తీర్చమన్నారు, అంతే తేడా.

ఇక కథ స్పీడందుకుంటుంది. ఆకుల మధ్యలో చికాగోలో డాక్టరేటు ముగించి, మెకిన్సేలో కొన్నాళ్ళు చేసి తిరిగొచ్చాడు (డ్రేటన్ కూడా మెకిన్సేయే కదా, ఈ కథలో ఆ కంపెనీ గుమ్మం తొక్కనివాళ్ళు తక్కువ). పెరగడానికి అడ్డుపడేవి మూడు, పెట్టుబడి, సిబ్బంది సామర్థ్యం, ఖర్చు అన్నాడు. పెట్టుబడికి లాభం చూపించాలి, సామర్థ్యానికి కోక్, మెక్‌డొనాల్డ్స్ లాగా శిక్షణని ఒక అచ్చులో పోయాలి, ఖర్చుకి సాఫ్టువేరు పెట్టాలి. మన బిరాదరీకి ఈ ప్రసంగం ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. 2005లో ఎన్జీవో కాస్తా ఫైనాన్స్ కంపెనీగా మారింది. 2006లో టైమ్ పత్రిక వందమంది ప్రభావశీలుర జాబితాలో ఆయన పేరు వచ్చింది. 2007లో ఆపిల్, గూగుల్‌లలో డబ్బు పెట్టిన సికోయా ఇందులోనూ పెట్టింది.

సరిగ్గా అదే ఏడాది ఇటలీలో బెల్లాజియో అనే ఊళ్ళో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పిలిచిన ఒక సమావేశంలో 'ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్' అనే మాట స్థిరపడింది. మేలు చేస్తూ లాభం తీసుకునే పెట్టుబడి అని అర్థం. మాట పుట్టకముందే మనిషి హైదరాబాదులో తయారుగా ఉన్నాడు! శిక్షణలు కూడా అప్పుడే పుట్టగొడుగుల్లా లేచాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఈబే డబ్బుతో స్కోల్ సెంటర్ 2003లో వచ్చింది, సోషల్ ఆంట్రప్రెన్యూర్లకి ఎంబీఏ ఫీజు కట్టే స్కాలర్‌షిప్పులు దాని వెనకే వచ్చాయి. జాక్వెలిన్ నోవోగ్రాట్జ్ 2001లో పెట్టిన అక్యుమెన్ ఫండ్ 2006లో ఫెలోలని తీసుకోవడం మొదలెట్టింది. 2007లో మన టిస్ కూడా సోషల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎంఏ పెట్టింది. మైక్రోఫైనాన్స్ వీటన్నిటికీ పెద్ద పాఠం. బిజినెస్ స్కూళ్ళలో ఎస్‌కెఎస్ మీద కేస్ స్టడీలు రాశారు.

ఆ కేస్ స్టడీలు రాసేనాటికే కృష్ణా జిల్లాలో ఒక రిహార్సల్ జరిగిపోయింది. 2006 మార్చిలో జిల్లా అధికారులు యాభై దాకా మైక్రోఫైనాన్స్ శాఖలకి తాళాలు వేయించారు. ఎక్కువగా షేర్, స్పందన కంపెనీలవి. ఒకే ఇంట్లో నాలుగైదు అప్పులు, వసూళ్ళలో బెదిరింపులు, ఆత్మహత్యలు అనే ఆరోపణలు అప్పుడే వచ్చాయి. కంపెనీలు ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి, శాఖలు మళ్ళీ తెరుచుకున్నాయి, అందరూ మర్చిపోయారు. ప్రొడక్షన్‌లో సీరియస్ బగ్ వస్తే సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చెయ్యడం అంటే ఇదే.

రెండో ముక్క కూడా చెప్పాలి. అప్పటికే మన రాష్ట్రంలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమం తర్వాత పొదుపు ఉద్యమం, డ్వాక్రా, తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు, 2004 తర్వాత పావలా వడ్డీ. మైక్రోఫైనాన్స్ కంపెనీలు పనిచేసింది ఈ దుక్కి దున్నిన నేల మీదే. కూర్చోవడం, సంతకం, పూచీ, లెక్క అన్నీ ఆడవాళ్ళకి సంఘాల్లోనే అలవాటయ్యాయి. 'ఏమీ లేని చోట ఆర్థిక సేవలు తెచ్చాం' అని ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్లలో చెప్పుకున్న మాటలో సగమే నిజం. ప్రభుత్వానికి తన సంఘాలని కాపాడుకునే స్వార్థం కూడా ఉందన్నది కంపెనీల వాదన. అందులోనూ సగం నిజముంది.

2010 జూలై ఆఖర్లో ఎస్‌కెఎస్ ఐపీఓకి వచ్చింది. మార్చి నాటికి 68 లక్షల మంది సభ్యులు, రెండు వేల పైచిలుకు శాఖలు. షేరు ధర 985. పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు. వచ్చిన డబ్బు దాదాపు 350 మిలియన్ల డాలర్లు. ఇందులో సగం కంటే ఎక్కువ షేర్లు కంపెనీకి కొత్త డబ్బు తెచ్చినవి కావు, పాత వాటాదారులు అమ్ముకున్నవి. వ్యవస్థాపకుడు అంతకుముందే, ఫిబ్రవరిలో, తన వాటాలో కొంత అమ్మి సుమారు 13 మిలియన్ల డాలర్లు తీసుకున్నాడు. చట్టప్రకారం ఇందులో తప్పేం లేదు, ప్రాస్పెక్టస్‌లో అచ్చేసిన సంగతే. విరాళాల డబ్బుతో పెట్టిన సభ్యుల ట్రస్టుల సంగతేంటి, పేదవాళ్ళ పేరు మీద ఉన్న వాటా పేదవాళ్ళ చేతికొచ్చిందా అని అహ్మదాబాద్ ఐఐఎంలో ఎంఎస్ శ్రీరామ్ గారు ఆ ఏడాది ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అడిగారు. ఆ వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది.

సెప్టెంబరులో న్యూయార్కులో క్లింటన్ వాళ్ళ సదస్సు. వేదిక మీద ఇద్దరు ఫుల్‌బ్రైట్లు, యూనస్, ఆకుల. పేదవాళ్ళ మీద లాభం చూపించి షేర్ మార్కెట్‌ని పిలిస్తే, రేపు లాభం ఇంకా కావాలంటారు, ఆపలేవు అన్నది పెద్దాయన వాదన. మెక్సికోలో 2007లో కంపార్టమోస్ అనే బ్యాంకు ఐపీఓ అప్పుడు కూడా ఆయన ఇదే అన్నాడు. లోకంలో కోట్లమందికి అప్పు అందాలంటే విరాళాలు చాలవు, మార్కెట్ తప్ప దారిలేదన్నది చిన్నాయన వాదన. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు. మూడు వారాల్లో తీర్పు ఇంకెక్కడి నుంచో వచ్చింది.

అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టర్ చేసుకోవాలి. ఇంటికెళ్ళి వసూలు చెయ్యకూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి చోటే తీసుకోవాలి. వారం కాదు, నెలకోసారే. వడ్డీ మొత్తం అసలుని మించకూడదు. సంఘంలో ఉన్నావిడకి రెండో అప్పు ఇవ్వాలంటే అనుమతి కావాలి. డిసెంబరులో ఇది చట్టమైంది. వసూళ్ళు దాదాపు వంద శాతం నుంచి పది శాతం చుట్టుపక్కలకి పడిపోయాయి. 2011 చివరికి 985 షేరు వంద చుట్టూ తచ్చాడుతోంది. నవంబరులో ఆకుల రాజీనామా చేశాడు.

ఆ చావుల సంగతి. 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఒక పరిశోధన వార్త ఇచ్చింది. 2010 చివర్లో రాష్ట్రంలో అప్పుల వల్ల 200 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వం పత్రికల నుంచి సేకరించిన లెక్క చెబుతోందని, ఎస్‌కెఎస్ తనే బయటివాళ్ళతో చేయించిన విచారణలో వాటిలో కనీసం ఏడింటికి తన సిబ్బందితో సంబంధం కనబడిందని ఆ వార్త సారాంశం. కంపెనీ తప్పేమీ జరగలేదంది. ఏ చావుకైనా కారణం ఒక్కటే ఉండదని నాకూ తెలుసు. కానీ ఆ సెంటర్ మీటింగులో కూర్చున్న కుర్రాడి గురించి ఆలోచిస్తాను. డిగ్రీ చదివి, బైకు మీద రోజుకి నాలుగు మీటింగులు తిరిగి, వసూలు తగ్గితే మేనేజరుతో తిట్లు తినే లోన్ ఆఫీసరు. బిజినెస్ స్కూల్లో 'కెపాసిటీ' అన్నది అతన్నే. అతనికి ఏ ఫెలోషిప్పూ లేదు.

ఇంతటితో ఎవరు మంచి ఎవరు చెడు అని తేల్చేస్తే బావుండేది, కుదరదు. హైదరాబాదు బస్తీల్లో స్పందన అప్పుల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళు 104 బస్తీలతో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కొంచెం పెంచుకున్నారు, అంతకుమించి ఇంటి ఖర్చులోనూ, పిల్లల చదువులోనూ, ఆడవాళ్ళ మాట చెల్లుబాటులోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే కేస్ స్టడీలు చెప్పిన అద్భుతమూ జరగలేదు, సగటున చూస్తే సర్వనాశనమూ జరగలేదు. ఇంకోపక్క ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2021లో తేల్చినదేంటంటే, మన రాష్ట్రంలో దెబ్బతిన్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లో అప్పులు బిగించేసరికి అక్కడి జిల్లాల్లో కూలి రేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయి. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడు. ఆకులకి వినబడిన మొదటి ప్రశ్నలో కూడా విషయముందన్నమాట.

ఎస్‌కెఎస్ 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుని, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. హైదరాబాదు నుంచే 1996లో బేసిక్స్ మొదలెట్టి, వ్యవసాయం, బీమా, శిక్షణ అన్నీ కలిపి మెల్లగా నడిపిన విజయ్ మహాజన్ సంస్థ కూడా ఆ వరదలో కొట్టుకుపోయినంత పనైంది. నెమ్మదిగా వెళ్ళినవాడికి మినహాయింపేమీ దొరకలేదు. ఆయన, దీప్ జోషి కలిసి 1983లో పెట్టిన ప్రదాన్ మాత్రం వేరే రకం శిక్షణకి పేరుపడింది. డిగ్రీ అయిన కుర్రాళ్ళని ఏడాది అప్రెంటిస్‌గా తీసుకుని ముందు పల్లెలో ఉండి రమ్మంటారు, ఉండలేనివాళ్ళు వెనక్కి వెళ్ళిపోవచ్చు. స్టైపెండు చిన్నది, పేపర్లో ఫొటో రాదు.

మాలెగాం కమిటీ నివేదిక 2011 జనవరిలో వచ్చింది, ఆ ఏడాది చివర్లో రిజర్వు బ్యాంకు వీటిని ప్రత్యేక తరగతిగా చేసి వడ్డీకి హద్దులు పెట్టింది. 2022లో ఆ హద్దు తీసేసి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు, నెలవారీ కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు అని కొత్త నియమం రాసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకి ఆ పాత రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పిచ్చింది. అంటే పన్నెండేళ్ళుగా కంపెనీలు పెద్దగా తొంగి చూడని నారాయణఖేడ్ ఊళ్ళకి దారి మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. ఈసారి వెళ్ళేవాళ్ళ చేతుల్లో ట్యాబ్లెట్లు, క్రెడిట్ బ్యూరో రిపోర్టులు ఉంటాయి. వాటికి కోడ్ రాసేది మనలోనే ఎవరో.

'అశోక' ఫెలోని ఎంచుకోవడానికి ఐదు కొలతలు పెట్టుకుంది: ఆలోచన కొత్తదా, మనిషికి సృజన ఉందా, పట్టుదల ఉందా, ప్రభావం ఎంత దూరం పోతుంది, నైతికంగా నమ్మొచ్చా. ఐదూ ఇచ్చే మనిషి గురించే, పుచ్చుకునేవాళ్ళ గురించి వీటిలో ఒక్కటీ లేదు. నా చేతిలో ఉన్న ఫారంలో 'ఐదేళ్ళలో ఎంతమందికి చేరతారు' అనే గడి ఉంది. 'నీ ప్రయోగం విఫలమైతే ఎవరు నష్టపోతారు, వాళ్ళని అడిగావా' అనే గడి లేదు. అది నేనే కింద మార్జిన్లో రాసి పెట్టుకున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి ఫెలోషిప్ చేసొచ్చినవాళ్ళుంటే ఒక్క విషయం చెప్పి పుణ్యం కట్టుకోండి. మీ సిలబస్‌లో ఎస్‌కెఎస్ ఉండే ఉంటుంది. 2006 కృష్ణా జిల్లా ఉందా? పస్తాపూర్ జొన్నలు ఉన్నాయా?